ప్రొసెర్పినా తల్లి

"నీ కుందేలు తోళ్ళ కంపు నా చారుకి పట్టిందే," అంది అత్తగారు పెల్లెగ్రీనా, గరిటె ముక్కుదాకా ఎత్తి వాసన చూసి.

ఎర్సీలియా పొయ్యిలో కట్టె కాస్త వెనక్కి లాగింది. ఉన్నది ఒకటే పొయ్యి. ఒక పక్క ఇంటికి చిక్కుడుగింజల చారు, ఇంకో పక్క బొమ్మల గుడ్డకి పూయవలసిన తోలు జిగురు. చారు మరగకపోతే పనికిరాదు, జిగురు మరిగితే పనికిరాదు. ఆ రెండింటికీ సరిపడా మంట నిలబెట్టడమే పెళ్ళయిన నాటి నుంచీ ఆమె పొద్దుటి పని. కొయ్య మెట్ల మీదుగా పైనుంచి మొగుడి గొంతు వినిపించింది.

"ఎర్సీలియా! ఓసారి పైకొచ్చి ఈ చెయ్యి చూడు!"

చూడడమంటే ఆ ఇంట్లో చూడడం కాదు. బల్దస్సారె వేసిన చెయ్యి ముల్లంగి కట్టలా ఉంటుంది. ఆమె వెళ్ళి దాన్ని గీకేసి, ఎముక ఎక్కడుందో, నరం ఎక్కడ పొంగుతుందో, వేలి కొసన ఎరుపు ఎంత ఉండాలో తన చేతిని తానే చూసుకుంటూ మళ్ళీ వేస్తుంది. ఆమె వేస్తుండగా అతను కిందికి దిగి వేడి చారు తాగేస్తాడు. ఆమె దిగేసరికి మిగిలింది చల్లారి ఉంటుంది. ఇందులో ఎవరి కుట్రా లేదు. ఎవరూ ఎన్నడూ ఇలా చెయ్యాలని నిర్ణయించలేదు. అలా జరిగిపోతూ వచ్చింది, అంతే. "మా ఆవిడ పక్కనుంటే నాకు పని సాగుతుంది," అని అతను తోటి చిత్రకారులతో అంటాడు. వాళ్ళు మెచ్చుకోలుగా తలూపుతారు, ఏదో మంచి వంట గురించి విన్నట్టు.

ఆమె తండ్రి కూడా చిత్రకారుడే. కొడుకులు లేక కూతురికి కుంచె ఇచ్చాడు. వాళ్ళ ఊరు బొలోన్యాలో ఆడవాళ్ళు బొమ్మలు వేయడం మరీ విడ్డూరం కాదు. పేరు తెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. కాకపోతే నిలువెత్తు మగమనిషిని ఎదురుగా పెట్టుకుని గీసే చోటికి ఆడపిల్లని రానివ్వరు కాబట్టి, రఫేల్, టిషియన్‌ల బొమ్మల అచ్చుకాగితాలు తెచ్చి, "వీళ్ళే నీ గురువులు, వీళ్ళని అడుగు" అనేవాడాయన. మగవాడి వీపు కండలు ఎలా తిరుగుతాయో ఆమె కాగితం మీదే నేర్చుకుంది. పెళ్ళినాడు తండ్రి అల్లుడి భుజం మీద చెయ్యి వేసి, "దీన్ని జాగ్రత్తగా చూసుకో నాయనా, కుడిచెయ్యి మరీనూ" అన్నాడు. బల్దస్సారె ఆ మాటని ఇప్పటికీ విందుల్లో చెప్పి నవ్విస్తాడు.

సంతకం సంగతి మొదట్లో ఒకసారి అడిగింది. అతను కోప్పడలేదు. కోప్పడే మనిషే కాదు, అదే చిక్కు. చెయ్యెత్తడు, తాగి రాడు, చర్చికి తనే తీసుకెళతాడు. నెమ్మదిగా, పసిపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. "మగాడి సంతకం ఉంటే బొమ్మంటారు. ఆడదాని సంతకం ఉంటే వింతంటారు. వింతని ఓసారి చూడ్డానికొస్తారు గానీ ఇంట్లో పెట్టుకుంటారటే?" అప్పుడామెకి పంతొమ్మిదేళ్ళు. నిజమే కాబోలనుకుంది. తర్వాత పుట్టిన పిల్లలు నిలవలేదు. ఆ దుఃఖంలో సంతకం మాట ఎక్కడో అడుగున పడిపోయింది.

డబ్బున్న ఇళ్ళ గోడల నిండా ఆ రోజుల్లో దేవుళ్ళే. రోమన్ల పాత దేవుళ్ళు. ఎద్దై వచ్చి యూరోపాని ఎత్తుకుపోయినవాడు, హంసై వచ్చి లేడా ఒళ్ళో దూరినవాడు, పారిపోయి పారిపోయి చెట్టయిపోయిన డాఫ్నెని చెట్టయ్యాక కూడా వాటేసుకున్నవాడు. బల్దస్సారె దగ్గరికి ఇవే అడుగుతూ వచ్చేవాళ్ళు. దేవుళ్ళనీ, గుర్రాలనీ, మబ్బుల్నీ అతను వేసేవాడు. ఆడవాళ్ళ మొహాలు ఆమెవి. ఆ మొహాల మీద ఒక నవ్వు ఉండాలి. పెద్ద నవ్వు కాదు. ఇష్టం లేదన్నట్టూ, ఉందన్నట్టూ, పెదవి కొసన కాస్త. "బల్దస్సారె గారి పెదవులు" అని ఊళ్ళో దానికి పేరు. ఆ నవ్వు ఎర్సీలియా ఎక్కడా వెతుక్కోలేదు. కొనేవాళ్ళు ఇంటికొచ్చినప్పుడు ద్రాక్షసారా గిన్నెలు పట్టుకుని తను పైకి వెళుతుంది కదా, వాళ్ళలో ఒకడు బొమ్మను చూసి ఆమెను చూసి ఏదో అంటాడు కదా, అప్పుడు తన మొహం మీదికి వచ్చేదే ఆ నవ్వు. ఒకనాడు కిటికీ అద్దంలో చూసుకుని గుర్తుపట్టింది.

ఆ చలికాలంలో జమీందారు మార్కెసే ఫుల్వియో కబురు పెట్టాడు. ఊరి బయట తోటల మధ్య పెద్ద భవనం ఆయనది. యాభై దాటాయి. ఇద్దరు భార్యల్ని సమాధికి సాగనంపి మూడో పెళ్ళికి సిద్ధమయ్యాడు. పెళ్ళిగదిలో మంచానికి ఎదురుగా గోడ నిండా ఒక బొమ్మ కావాలన్నాడు. పాతాళపు రాజు ప్లూటో, పూలు కోసుకుంటున్న ప్రొసెర్పినాని నల్ల గుర్రాల రథం మీద ఎత్తుకుపోవడం. ఇదే కథని రోమ్‌లో ఒక మహాశిల్పి పాలరాతిలో చెక్కాడనీ, ప్లూటో వేళ్ళు ఆ పిల్ల తొడలోకి దిగిన చోట రాయి మాంసంలా నొక్కుకుపోయి ఉంటుందనీ, తను కళ్ళారా చూశాననీ ఆయన చెప్పుకొచ్చాడు. "నాది గోడ మీద రంగుల్లో కావాలయ్యా. ప్రొసెర్పినా మొహం మాత్రం మా పెళ్ళికూతురిదే ఉండాలి." పెళ్ళికూతురు ఇంకా కన్యాశ్రమంలో ఉంది. మగాడి ముందు కూర్చోబెట్టకూడదు. ఆయన గోళ్ళు చూసుకుంటూ అన్నాడు: "మీ ఇంట్లో ఆడమనిషి కూడా కాస్త గీస్తుందట కదా?"

"కాస్త గీస్తుంది ప్రభూ," అన్నాడు బల్దస్సారె.

సారా గిన్నెలు పట్టుకుని ఎర్సీలియా అక్కడే ఉంది.

పెళ్ళికూతురి పేరు ఇసొత్తా. పదిహేనేళ్ళు. మేనత్తని వెంటబెట్టుకుని పరదాల పల్లకీలో వచ్చింది. మేనత్త నిప్పుల కుంపటి పక్కన కూర్చున్న కాసేపటికే జపమాల చేతిలోంచి జారి గురక మొదలయ్యేది. పిల్ల మాత్రం ఒక్క క్షణం కుదురుగా కూర్చునేది కాదు. కాల్చిన చెస్ట్‌నట్ కాయలు ఒలుచుకు తింటూ, పొట్టు ఒళ్ళో పోసుకుంటూ, సన్యాసినుల నడకలు అనుకరించి చూపించేది. "మా ఆశ్రమం పెద్దమ్మగారు ఇలా నడుస్తారు, బాతు దేవుణ్ణి వెతుక్కుంటున్నట్టు." ఎర్సీలియాకి నవ్వాగేది కాదు. ఇంటి రెండో అంతస్తులో ఒక ఆడపిల్ల నవ్వు వినిపించి ఎంత కాలమైందో ఆమెకి గుర్తు రాలేదు. చేతిలో బొగ్గు తనంతట తానే పరుగెత్తేది.

మూడోసారో నాలుగోసారో వచ్చినప్పుడు ఇసొత్తా లేచి నేరుగా పెద్ద గుడ్డ ముందుకి వెళ్ళి నిలబడింది. ప్లూటో అప్పటికే వేసి ఉన్నాడు. గుర్రాలూ ఉన్నాయి. ఆయన చేతుల మధ్య ఆడమనిషి ఆకారం మొహం లేకుండా ఉంది.

"నేనిక్కడా?" అంది.

"అవును తల్లీ."

"ఈయన ఎవరు? ఎక్కడికి తీసుకెళ్తున్నాడు? మాకు ఆశ్రమంలో ఈ కథ చెప్పలేదు ఎర్సీలియా గారూ. వేరే దేవుళ్ళు పాపం అంటారు."

ఎర్సీలియా కుంచె కడుగుతూ కథ చెప్పింది. మైదానంలో పూలు కోస్తున్న పిల్ల, ఉన్నట్టుండి నోరు తెరిచిన నేల, రథం. పంటల తల్లి సెరెస్ కూతురా పిల్ల. కేక విని తల్లి పరుగెత్తుకొచ్చేసరికి నేల మూసుకుపోయింది. ఆ తల్లి దివిటీలు పట్టుకుని లోకమంతా తిరిగింది. ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి భయపడ్డారు. చివరికి తెలిశాక ఆవిడ దేవుళ్ళ కాళ్ళ మీద పడలేదు. పని మానేసింది. ఒక్క గింజ మొలవనివ్వలేదు. పొలాలు ఎండి, మనుషులు మాడి, గుళ్ళలో నైవేద్యాలు ఆగిపోయి దేవుళ్ళకి ఆకలేసింది. అప్పుడు దిగొచ్చారు. పిల్లని పూర్తిగా ఇవ్వలేదు. పాతాళంలో నాలుగు దానిమ్మ గింజలు తినేసింది కాబట్టి ఏడాదిలో కొన్ని నెలలు అక్కడ, తక్కినవి తల్లి దగ్గర.

ఇసొత్తా వింటూ చెస్ట్‌నట్ పొట్టుని వేళ్ళతో నలుపుతోంది.

"వాళ్ళమ్మ వెతికిందా?" అంది ఆఖరికి. "మా అమ్మ వెతకదు. పెళ్ళి ఒప్పందం మీద నాన్న పక్కన తనే సంతకం పెట్టింది. పెట్టాక నా తల దువ్వింది."

ఎర్సీలియా కడిగిన కుంచెనే మళ్ళీ కడిగింది.

"నన్ను ఒక్కలా మాత్రం వెయ్యకండి," అంది పిల్ల. "నవ్వుతున్నట్టు. మార్కెసే గారు మొన్న ఆశ్రమానికొచ్చి గడ్డం పట్టుకుని, ఏదీ నవ్వు, అన్నారు. నవ్వాను. గోడ మీద కూడా నవ్వుతూ ఉండాలంటే... రోజూ పడుకునే ముందు నాకు నేనే కనబడతాను కదా."

ఆ పిల్ల వెళ్ళాక ఎర్సీలియా రంగు కలిపింది. మామూలుగా పెదవులకి ఇంగిలీకపు ఎరుపు ఎక్కువ పడుతుంది. ఈసారి కొంచెమే తీసుకుంది. సగం తెరిచిన నోరు, కనిపించీ కనిపించని పళ్ళు, బిగిసిన మెడనరం. కళ్ళు ప్లూటో వైపు కాదు, బొమ్మ బయటికి, ఎవరో వస్తారేమోనని దారి చూస్తున్నట్టు. ఇన్నేళ్ళలో తను వేసిన ఆడవాళ్ళలో ఎవరూ ఇలా చూడలేదు. వేస్తున్నంతసేపూ యూరోపాలూ, లేడాలూ, డాఫ్నెలూ వరసగా గుర్తొచ్చారు. వాళ్ళందరికీ నవ్వు తగిలించింది తనే. ఎత్తుకుపోయినవాడు ఒకడైతే, ఎత్తుకుపోతుంటే నవ్విందని సాక్ష్యం చెప్పింది తను. ఆ మాట అనుకోగానే కుంచె పక్కన పెట్టేసింది. కిందికి దిగి, అవసరం లేకపోయినా, ఇత్తడి గిన్నెలన్నీ తోమింది.

బల్దస్సారె చూసి తల పట్టుకున్నాడు.

"ఇదేంటే! పెళ్ళిగదిలో పెట్టే బొమ్మ ఇది. చావింట్లో పెట్టేది కాదు. ఆ పెదవి కాస్త పైకి లాగు."

"లాగను."

"ఏం?"

"ఎత్తుకుపోతున్నారండీ దాన్ని."

"కథ కదే అది!" అతనికి నిజంగానే అర్థం కాలేదు. బతిమాలాడు. వినకపోయేసరికి తనే కుంచె పట్టి పెదవి సర్దబోయాడు. నోరు వంకరపోయి పిల్ల పంటినొప్పితో ఉన్నట్టు తయారైంది. తుడిచేసి, కుంచె బల్ల మీద పెట్టి, "నీ ఇష్టం. ఆయన కాదంటే నువ్వే చెప్పుకో," అని బయటికి వెళ్ళిపోయాడు. ఆమె మళ్ళీ అలాగే వేసింది. కాదంటాడనే అనుకుంది. మార్కెసే కాదంటే ఏం చెప్పాలో కూడా మనసులో కూర్చుకుంది.

మార్కెసే వచ్చాడు. బొమ్మ ముందు నిలబడ్డాడు. వెనక్కి రెండడుగులు వేసి, మళ్ళీ దగ్గరికి వెళ్ళి, నాలుకతో పెదవి తడుపుకున్నాడు.

"భేష్. ఆ అరుపు చూశావూ? వినబడుతోందయ్యా నాకు! అందరూ నవ్వించి పాడు చేస్తారు. నువ్వు రుచి తెలిసినవాడివి బల్దస్సారె. ఆ భుజం మీద బట్ట కాస్త జారనియ్యి. ఆ, కుడివైపు అంతా చీకటిగా ఖాళీగా ఉంది. ఎవరైనా చెలికత్తెల్ని పెట్టి నింపు."

ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయాక కూడా ఎర్సీలియా గోడకి ఆనుకునే ఉండిపోయింది. నవ్వు వేస్తే నవ్వు తిన్నారు. ఏడుపు వేస్తే ఏడుపు ఇంకా కమ్మగా ఉందన్నారు. తను నిజం చెప్పాననుకుంది. ఆయన దాన్ని పులుసులో కారంలా నంజుకున్నాడు. మరి ఇంకేం వెయ్యాలి? ఆ పిల్ల మొహంలో ఏది పెట్టినా అది ఆ మంచం మీది మనిషి కోసమే అవుతుంది. ఎందుకంటే బొమ్మలో చూడబడేది పిల్ల, చూసేది ఆయన. ఎప్పుడూ అంతే. పెద్దపెద్ద మహానుభావుల అచ్చుకాగితాల్లో కూడా, తండ్రి గురువులన్న వాళ్ళ బొమ్మల్లో కూడా అంతే. ఆయన్ని ఎవరూ చూడరు.

మర్నాడు పొద్దున్న వంటింట్లో అత్తగారి ఎదుట నిలబడి, "అత్తయ్యా, కొన్నాళ్ళు నాకోసం పైన కూర్చుంటారా?" అని అడిగింది.

పెల్లెగ్రీనా పిండి కలుపుతోంది. చేతులు ఆపకుండానే, "నన్ను గీస్తావా? మబ్బులో ఉరుములానా?" అంది.

"సెరెస్‌ని. ఎత్తుకుపోయిన పిల్ల తల్లిని."

పిండి కలిపే చేతులు ఆగాయి. ఆ ఇంట్లో మాట్లాడుకోని సంగతి ఒకటుంది. బల్దస్సారెకి ఒక అక్క ఉండేది, ఆగ్నెసె. ఫెరారాలో పట్టు వర్తకుడికి ఇచ్చారు, పద్నాలుగేళ్ళకి. ఏడాది తిరక్కుండా పురిట్లో పోయింది. మామగారు బతికున్నన్నాళ్ళూ ఆ పేరు ఎత్తనివ్వలేదు. తర్వాత ఎత్తే అలవాటు పోయింది. ఎర్సీలియాకి ఇదైనా పక్కింటివాళ్ళ ద్వారా తెలిసిందే. అత్తగారు చేతులు కడుక్కుని, తలగుడ్డ సర్దుకుని, మెట్లెక్కింది. రొప్పుతూ కుర్చీలో కూర్చుంది.

"ఎటు చూడమంటావు?"

"కూతురి వైపు కాదత్తయ్యా. తీసుకెళ్ళినవాడి వైపు. ఆయన మంచం మీద పడుకుని ఉంటాడు. అక్కడ, ఆ కిటికీ ఉంది చూశారా, అదే మంచం అనుకోండి."

ముసలామె కిటికీ వైపు చూసింది. మొదట ఎప్పటిలా చిరాగ్గా చూసింది. నెమ్మదిగా ఆ చిరాకు మొహంలోంచి జారిపోయింది. దాని వెనక ఇన్నేళ్ళూ ఏముందో ఎర్సీలియా మొదటిసారి చూసింది. పెల్లెగ్రీనా ఏడవలేదు. కనురెప్ప వాల్చలేదు. పెదవులు కదిలీ కదలకుండా, ఎవరితోనో చెప్పినట్టు అంది.

"గేటు దాకా వెళ్ళాను. బండి ఎక్కించేటప్పుడు అది వెనక్కి తిరిగి చూసింది. వాళ్ళ నాన్న నా మోచెయ్యి పట్టుకున్నాడు, గట్టిగా. నేను చెయ్యి ఊపాను. నవ్వాను కూడానే. అందరూ చూస్తున్నారు కదా."

ఎర్సీలియా వేస్తూనే ఉంది. ఆగితే ఆ చూపు పోతుందని భయం. ఆ రోజుల్లో చారు ఎవరు కాచారో, కాచారో లేదో ఇద్దరికీ పట్టలేదు. బల్దస్సారె రొట్టె, మోర్తదెల్లా మాంసం ముక్కలు కొనుక్కుని తిన్నాడు. చెలికత్తెలు వేస్తోందనుకుని అటు రాలేదు.

బొమ్మని తీసుకెళ్ళే రోజు చూశాడు. కుడివైపు చీకటిలోంచి, ఆరిన దివిటీ పట్టుకుని, నెరిసిన జుట్టు రేగిపోయిన ఒక పెద్దామె బయటికి వస్తోంది. రథాన్ని చూడటం లేదు. గుర్రాల్ని చూడటం లేదు. బొమ్మ ముందు ఎవరు నిలబడితే వాళ్ళనే సూటిగా చూస్తోంది.

"కొంపలంటుకున్నాయి! ఎవరడిగారే దీన్ని? తేవే ఆ నల్లరంగు, కప్పేస్తాను."

"కప్పరా," అంది గుమ్మంలోంచి పెల్లెగ్రీనా. "మీ అమ్మ మొహమే అది. కప్పు, నేనూ చూస్తాను."

బల్దస్సారె తల్లినీ, బొమ్మనీ మార్చి మార్చి చూశాడు. కుంచె పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది. "ఆగ్నెసె పెళ్ళినాడు ఇలాగే ఉన్నావు," అన్నాడు మెల్లిగా. అప్పుడతనికి ఏడేళ్ళుంటాయి. అతనికి గుర్తుందని ఆ ఇద్దరాడవాళ్ళకీ తెలియదు. కిందనుంచి బండివాళ్ళు కేకలు వేశారు. బొమ్మ వెళ్ళిపోయింది.

పెళ్ళి ఘనంగా జరిగింది. బిషప్ గారు వచ్చి పెళ్ళిగది ఆశీర్వదిస్తూ బొమ్మని మెచ్చుకున్నారట. ఆ మెప్పుతో బల్దస్సారెకి కొత్త పనులు వచ్చాయి. చలి తగ్గింది. ఈస్టరు ముందరి ఉపవాసాల రోజుల్లో మార్కెసే గుమాస్తా వచ్చి గొణిగాడు. బొమ్మ బాగానే ఉందట గానీ ఆ ముసలిదాన్ని తీసేయాలట. బొమ్మని గోడలోకి పొదిగి చుట్టూ సున్నపు పూలు కట్టేశారు కాబట్టి అక్కడే చెయ్యాలట. పెళ్ళికూతురి గది కాబట్టి ఆడమనిషే రావాలట.

"వెళ్ళు," అన్నాడు బల్దస్సారె. "నాలుగు పొదలు వేసి కప్పేసి రా. ఆయన్ని కాదని ఈ ఊళ్ళో బతకలేం." ఆమె రంగుల పెట్టె సర్దుకుంది. అత్తగారు గుమ్మం దాకా వచ్చి, ఏదో అనబోయి, శాలువా మాత్రం సరిచేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఇసొత్తా సన్నబడింది. జుట్టు ముడి వేసి ముత్యాలు పెట్టారు. సన్యాసినుల నడకలు ఇప్పుడు నడవడం లేదు. పనిమనుషుల్ని పంపేసి, తలుపు వేసి, మంచం అంచున కూర్చుంది.

"ఆవిడ చూస్తోందట," అంది. "మొదటి రాత్రే దీపం ఆర్పమన్నారు. ఆర్పినా తెలుస్తూనే ఉందన్నారు. మంచం అటు తిప్పించారు. అప్పుడు వీపు మీద చూస్తోందన్నారు. ఇప్పుడు ఆ చివర గదిలో పడుకుంటున్నారు."

"మరి నువ్వో తల్లీ?"

"పిలిస్తే వెళ్ళాలి. వెళతాను." చేతుల వైపు చూసుకుంది. "కానీ అయిపోయాక ఇక్కడికి వచ్చెయ్యొచ్చు. గడియ వేసుకోవచ్చు. ఆయన ఇక్కడికి రారు. నిద్ర పట్టకపోతే ఆవిడతో మాట్లాడతాను. ఆవిడ చూపు నా మీద కాదు, నా మీదుగా గుమ్మం వైపే ఉన్నట్టుంటుంది. ఎవరూ రాకుండా కాపలా కాస్తున్నట్టు." గొంతు తగ్గించి అడిగింది. "చెరిపేస్తారా?"

ఎర్సీలియా బొమ్మ ముందు నిలబడింది. తను వేసిందే. అయినా ఈ గదిలో, ఈ మంచం ఎదుట, మొదటిసారి చూస్తున్నట్టుంది. ఒక మూలన ఎర్రగా బల్దస్సారె పేరు ఉంది. వింతగా, ఆ పేరు ఆమెకి బాధ కలిగించలేదు. ఈ బొమ్మ ఎవరిదో ఈ గదిలో ఉన్నవాళ్ళకి తెలుసు. తనెందుకు వేసిందో తెలుసు. ఇన్నేళ్ళూ తను వేసిన ఏ బొమ్మా ఎవరికీ ఇలా పనికిరాలేదు. గోడలు నింపింది, అంతే. ఇది ఒక తలుపుకి గడియ అయింది.

బయట చెప్పుల చప్పుడయింది. మార్కెసే గుమ్మం దగ్గరే ఆగాడు. లోపలికి అడుగు పెట్టలేదు. బొమ్మ వైపు కాకుండా నేల వైపు చూస్తూ, "ఎంతసేపు పడుతుంది?" అన్నాడు.

తన గొంతు అంత స్థిరంగా ఉంటుందని ఎర్సీలియా అనుకోలేదు.

"కుదరదు ప్రభూ. గీకితే కింది పొర ఒకటే కాబట్టి దొరసాని గారి మొహం కూడా లేచొస్తుంది. పైన పూయమంటే పూస్తాను. కానీ కప్పిన మొహం ఊరుకోదు. నూనె రంగు కదా, ముదిరేకొద్దీ పల్చబడుతుంది. ముందు కళ్ళు తేలతాయి. పొదల్లోంచి కళ్ళు మాత్రమే. ఇప్పుడైతే కనీసం ఎవరో తెలుస్తోంది."

అందులో సగం నిజం. కప్పిన రంగు తేలే మాట నిజమే, కానీ ఈ గదిలో ఉన్నవాళ్ళెవరూ దాన్ని చూడటానికి బతికి ఉండరు. మార్కెసే మొహం పాలిపోయింది. బిషప్ గారు మెచ్చుకున్న బొమ్మని గోడ బద్దలుకొట్టి తీయిస్తే ఊరేమనుకుంటుందో కూడా లెక్క వేసుకున్నట్టున్నాడు.

"సరే, ఉండనీ," అన్నాడు. "ఆ గది ఆవిడదే కదా. నాకేం." చెప్పుల చప్పుడు దూరమైంది.

ఇసొత్తా రెండు చేతులతో నోరు మూసుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. ఏదైనా సరే, అది ఎవరూ అడిగి తెప్పించుకున్నది కాదు. ఎర్సీలియా పెట్టె తెరిచి, కుంచె తీసి, కుర్చీ బొమ్మ దగ్గరికి లాక్కుంది.

ఎండ వాలే వేళకి ఇల్లు చేరింది. బల్దస్సారె వీధి వసారాలోనే ఎదురొచ్చాడు.

"తీసేశావా?"

"లేదు."

"లేదా? మరి రోజంతా అక్కడేం చేశావు?"

"ఆవిడ కళ్ళలో వెలుగు కాస్త తగ్గిందనిపించింది," అంది ఎర్సీలియా, పెట్టె అతని చేతికిచ్చి లోపలికి నడుస్తూ. "ఇంకొంచెం పెట్టి వచ్చాను."